ఒంటికి లేత పరిమళం: ముందు తీసివేత, తర్వాతే కూడిక

స్నానం ముగించి, తయారై, వీధి గుమ్మం దాటుతున్న మనిషి తన వెంట ఎన్ని వాసనలు మోసుకుపోతున్నాడో ఒకసారి లెక్క వేస్తే ఆశ్చర్యం కలుగుతుంది. సబ్బుది ఒకటి, తలనూనెది ఒకటి, మెడకు అద్దుకున్న టాల్కం పౌడరుది ఒకటి, చంకల్లో కొట్టుకున్న డియోడరెంటుది ఒకటి, బట్టలుతికిన పొడిదీ చివరి నీళ్లలో కలిపిన కండిషనరుదీ కలిసి మరొకటి. వీటికి తోడు బీరువాలోని కలరా ఉండలు, పూజగదిలోని అగరుబత్తి, వంటింట్లోంచి హాల్లోకి పాకిన ఇంగువ పోపు తమ వంతు చేరుస్తాయి. ఇన్నింటి మీద సెంటు కొట్టుకుంటే అది తొమ్మిదో వాసన అవుతుంది. ఎంతో ఇష్టపడి కొనుక్కున్న ఆ వాసన విడిగా మన ముక్కుకే అందదు. అందడం లేదని ఇంకొంచెం కొట్టుకుంటాము. ఆ ఇంకొంచెమే పక్కవారికి తలనొప్పి అవుతుంది.

కాబట్టి రోజూ వాడే సువాసనను కాస్త తేలికపరచుకుని కొత్తదనం తెచ్చుకోవాలనుకునేవారు ముందుగా చేయవలసిన పని కొత్త సీసా కొనడం కాదు, ఉన్న వాసనలను తగ్గించుకోవడం. ఈ సంగతి నాకు తెలిసివచ్చింది ఒక రాత్రి ప్రయాణంలో. ఉద్యోగంలో చేరిన కొత్తలో, విజయవాడలో హైదరాబాదు ఏసీ బస్సు ఎక్కే ముందు, చిక్కటి సెంటు ఒకటి చొక్కా మీద ఆరేడు సార్లు కొట్టుకున్నాను. బస్సు ఊరు దాటకముందే పక్క సీటులోని పెద్దావిడ కొంగు ముక్కుకు అడ్డం పెట్టుకున్నారు, కాసేపటికి కండక్టరును పిలిచి సీటు మార్పించుకున్నారు. ఆవిడ నన్ను ఒక్క మాట కూడా అనలేదు. అందుకే కాబోలు, ఇప్పటికీ మరిచిపోలేదు.

ముందు తీసివేయవలసినవి

ఒక వారం పాటు సెంటు జోలికి పోకుండా, పై జాబితాలోని వాసనలను ఒక్కొక్కటిగా తగ్గిస్తూ రండి. టాల్కం పౌడరును పూర్తిగా మానవచ్చు, లేదా వాసన లేనిదాన్ని వాడవచ్చు. తలనూనెను ఉదయం బయటికి వెళ్లేటప్పుడు కాకుండా తలంటుకునే ముందు రాత్రి పట్టించుకుంటే జుట్టుకు అందవలసిన మేలు అందుతుంది, వాసన మాత్రం నీళ్లతో పోతుంది. బట్టలకు కండిషనరు వేయకపోతే నష్టమేమీ లేదు. తువ్వాళ్లకైతే అది లేకపోవడమే మేలు, ఎందుకంటే ఆ పూత వల్ల తువ్వాలు నీటిని సరిగా పీల్చుకోదు. కలరా ఉండల వాసన మాత్రం మొండిది. ఆ బీరువాలోంచి తీసిన చొక్కానో చీరనో ఒక పూట ముందే తీసి, గాలి తగిలే చోట నీడన ఆరవేయాలి. వంట చేసేవారు స్నానాన్ని, కాకపోతే కనీసం బట్టలు మార్చుకోవడాన్ని, వంట అయిన తర్వాతికి మార్చుకుంటే సగం సమస్య తీరుతుంది, ఎందుకంటే పోపు వాసన చర్మం కంటే నూలు బట్టకూ జుట్టుకూ ఎక్కువగా పట్టుకుంటుంది.

ఇక చెమట. చెమటకు దానంతట దానికి చెప్పుకోదగిన వాసన లేదు. చంకల్లోని ప్రత్యేక గ్రంథుల నుంచి వచ్చే చెమటను చర్మం మీది బ్యాక్టీరియా విడగొట్టినప్పుడే మనకు తెలిసిన ఆ దుర్వాసన పుడుతుంది. దాని మీద పువ్వుల సెంటు కొడితే రెండూ కలిసి మూడో రకం వాసన వస్తుంది, అది మొదటి రెండింటికన్నా దుర్భరం. కనుక చంకల పని పరిమళానికి అప్పగించకూడదు. డియోడరెంటు బ్యాక్టీరియాను అదుపు చేస్తూ వాసనను కప్పుతుంది. యాంటీపెర్స్పిరెంటు అల్యూమినియం లవణాలతో చెమట రంధ్రాలను తాత్కాలికంగా మూస్తుంది, దాన్ని రాత్రి పడుకునే ముందు పొడిగా ఉన్న చర్మానికి రాసుకుంటే ఎక్కువ పని చేస్తుంది. ఈ రెండూ వాసన లేని రకాలు దొరుకుతాయి. అవి వద్దనుకునేవారికి క్షౌరశాలలో గడ్డం గీసిన తర్వాత రుద్దే పటిక ఉండనే ఉంది. తడిపిన పటిక ముక్కను చంకల్లో ఒకసారి రుద్ది ఆరనిస్తే వాసన పుట్టించే బ్యాక్టీరియా తగ్గుతుంది, దానికి సొంత వాసన ఉండదు. పటిక కూడా అల్యూమినియం లవణమే అన్నది వేరే సంగతి.

వానాకాలంలో సరిగా ఆరని బట్టల నుంచి వచ్చే ముక్కిపోయిన వాసనను ఏ సెంటూ కప్పలేదు. ఆ బట్టను వేడి నీళ్లలో మళ్లీ ఉతికి ఎండలో ఆరవేయడమే దారి.

తేలికైనది అంటే ఏది

సీసాల మీద ఉండే ఫ్రెంచి మాటలు సుగంధ తైలం పాలును సూచిస్తాయి. ఓ ద కొలోన్‌లో అది సుమారు 2 నుంచి 5 శాతం, ఓ ద తువాలెట్‌లో 5 నుంచి 15, ఓ ద పర్‌ఫ్యూమ్‌లో 15 నుంచి 20, వట్టి పర్‌ఫ్యూమ్ అన్నదానిలో ఇంకా ఎక్కువ. మిగిలినదంతా ప్రధానంగా ఆల్కహాలు. బాడీ మిస్ట్ అనే పేరుతో వచ్చేవి అన్నింటికన్నా పలచన. ఈ హద్దులు వాడుకలో ఏర్పడినవే తప్ప చట్టం గీసినవి కావు కాబట్టి ఒక సంస్థ తువాలెట్ మరో సంస్థ పర్‌ఫ్యూమ్ కంటే గట్టిగా ఉండవచ్చు.

ఇక్కడ చాలామంది పొరపడేది ఒకటి ఉంది. పలచన వేరు, తేలిక వేరు. ఊద్ (అగరు చెక్క నుంచి తీసే సుగంధం), కస్తూరి, వెనిలా వంటి వాసనలను ఎంత పలచన చేసినా అవి బరువుగానే తోస్తాయి, ఎందుకంటే వాటిలోని అణువులు మెల్లగా ఆవిరవుతూ గంటల తరబడి చర్మాన్ని అంటిపెట్టుకుని ఉంటాయి. నిమ్మ, నారింజ, బెర్గమాట్ అనే నిమ్మజాతి పండు వంటి వాటి అణువులు తేలికగా ఆవిరయ్యేవి. చిక్కగా కలిపినా త్వరగా ఎగిరిపోతాయి. అందువల్ల సీసా మీది శాతాన్ని మాత్రమే కాక లోపల ఏమి కలిపారన్నది కూడా చూడాలి. మన ఎండలకు నిమ్మజాతి పండ్లు, నారింజపూలు, వట్టివేళ్లు, నిమ్మగడ్డి, తెల్లని పూలలో లేతగా ఉండేవి పనికివస్తాయి. వేడికి ప్రతి పరిమళమూ త్వరగా ఆవిరవుతుంది కనుక మే నెలలో మధ్యాహ్నం పూట లేత వాసన కూడా కాస్త గట్టిగానే తగులుతుంది, గట్టి వాసన అయితే ఊపిరాడనివ్వదు.

కొలోన్ అనే పేరు జర్మనీలోని ఆ నగరం నుంచి వచ్చినదే. ఇటలీ నుంచి వచ్చి అక్కడ స్థిరపడిన ఫరీనా కుటుంబం 1709లో స్థాపించిన సంస్థ, నిమ్మజాతి తైలాలు ప్రధానంగా చేసిన పరిమళానికి తాముంటున్న ఊరి పేరే పెట్టింది. ఆ ఫ్రెంచి మాటకు అర్థం కొలోన్ నీళ్లు. మన పాత తరం ఇళ్లలో యుడికొలోన్ అని పిలిచినది ఈ రకమే. జ్వరం వచ్చినవారి నుదుటి మీద దానిలో తడిపిన గుడ్డ వేసేవారు. ఆల్కహాలు ఆవిరవుతూ చర్మంలోని వేడిని లాగేస్తుంది కాబట్టి చల్లగా ఉండేది. ఎండాకాలంలో కొలోన్ హాయిగా తోచడానికి వాసనతో పాటు ఈ చల్లదనం కూడా కారణం.

దుకాణంలో కొనేటప్పుడు మొదటి క్షణాన్ని నమ్మవద్దు. కాగితపు పట్టీ మీద కొట్టిన వెంటనే వచ్చేది ఆల్కహాలు, దాని వెనుక పదిహేను, ఇరవై నిమిషాలు నిలిచే పై వాసన. అసలు వాసన ఆ తర్వాత విచ్చుకుంటుంది, అడుగు వాసన సాయంత్రానికి మిగులుతుంది. ఒక్క పూటలో మూడింటికి మించి చూడకండి. పట్టీ మీద నచ్చినదాన్ని ముంజేతి మీద ఒకసారి కొట్టించుకుని, బయట అరగంట తిరిగి, అప్పుడు వాసన చూసి నిర్ణయించుకోండి. మధ్యమధ్య కాఫీ గింజలు వాసన చూపిస్తారు గాని దానివల్ల ప్రత్యేకించి ఒరిగేదేమీ లేదు, మీ మోచేతి మడతలో మీ సొంత చర్మం వాసన చూసుకున్నా ముక్కు అంతే తేరుకుంటుంది.

పన్నీరు, వట్టివేళ్లు, అత్తరు

పెళ్లిపందిట్లో వెండి పన్నీరు బుడ్డితో అతిథుల మీద చిలకరించే పన్నీరు మనకు బాగా తెలిసిన లేత పరిమళం. గులాబీ రేకులను నీటితో కలిపి బట్టీ పట్టగా వచ్చిన నీరు అది, ఆల్కహాలు ఉండదు. బజారులో పన్నీరు పేరుతో అమ్మేవాటిలో వట్టి నీటిలో గులాబీ సెంటు కలిపినవీ ఉంటాయి కాబట్టి సీసా వెనుక ముద్రించిన పదార్థాలు చదివి కొనాలి. మంచి రకాన్ని చిన్న స్ప్రే సీసాలో పోసి ఫ్రిజ్‌లో ఉంచుకుని, స్నానం తర్వాత మెడ మీద, చేతుల మీద, జుట్టు చివర్ల మీద చిలకరించుకుంటే అరగంట, ముప్పావుగంట ఉంటుంది. అంతకు మించి ఆశించకూడదు.

మా అమ్మమ్మ ట్రంకు పెట్టెలో నూలు చీరల మడతల మధ్య వట్టివేళ్ల కట్ట ఒకటి, దారంతో చుట్టి, పాత రవికె గుడ్డలో మూటకట్టి ఉండేది. ఆవిడ ఏ సెంటూ పూసుకుని ఎరగదు. కానీ ఎండాకాలంలో ఆవిడ పక్కన కూర్చుంటే, కొంగు కదిలినప్పుడల్లా తడి మట్టి వాసన లాంటిది సన్నగా వచ్చేది. ఈ పద్ధతి ఇప్పటికీ పని చేస్తుంది. పచారీ కొట్టులోనో పూజాసామగ్రి దుకాణంలోనో దొరికే వేళ్లను దులిపి, కడిగి, బాగా ఆరబెట్టి, పలుచని నూలు గుడ్డలో కట్టి బట్టల మధ్య ఉంచాలి. వాసన తగ్గినప్పుడు కొద్దిగా నీళ్లు చిలకరించి నీడన ఆరబెడితే మళ్లీ లేస్తుంది, కాకపోతే తడి పూర్తిగా పోయాకనే బీరువాలో పెట్టాలి, లేకుంటే బూజు పడుతుంది. పట్టుచీరల పెట్టెలో మొగలిరేకులు దాచేవారు కూడా ఉండేవారు. మొగలి వాసన మాత్రం లేతది కాదు.

అత్తరు లేత పరిమళమా అంటే, పూసుకునే తీరును బట్టి అవుతుంది. ఉత్తరప్రదేశ్‌లోని కన్నౌజ్‌లో పూలను డేగు అనే రాగి పాత్రలో ఉడికించి, ఆ ఆవిరిని మరో పాత్రలోని చందన తైలంలోకి పట్టించడం పాత పద్ధతి; చందనం ఖరీదు పెరిగాక చాలాచోట్ల దాని బదులు వాసన లేని నూనెలు వాడుతున్నారు. హైదరాబాదులో చార్మినార్ చుట్టుపక్కల అత్తరు దుకాణాల్లో తులం లెక్కన అమ్ముతారు, ఇంకా చిన్న సీసాలూ ఉంటాయి. అక్కడ దుకాణదారు సీసా మూతకున్న గాజు పుల్లను మీ చేతి వెనుక భాగానికి ఒక్కసారి తాకించి వదిలేస్తాడు, రుద్దడు. ఇంట్లో మనం పూసుకోవలసిన మోతాదు కూడా అంతే. ఖస్ అత్తరు అంటే మన వట్టివేళ్లదే. మిట్టీ అత్తరు కాల్చిన మట్టిని బట్టీ పట్టి తీసినది, తొలకరి వాసనతో ఉంటుంది. ఈ రెండూ వేసవికి బాగుంటాయి. ఊద్, కస్తూరి అత్తర్లను చలికాలానికి ఉంచుకోండి.

పూసుకునే తీరు

స్నానం చేసి, ఒళ్లు తుడుచుకుని, చర్మం ఇంకా కొద్దిగా చెమ్మగా ఉన్నప్పుడే వాసన లేని లోషనో, వాసనలేని పెట్రోలియం జెల్లీయో, పరిమళం తగలబోయే చోట పలుచగా రాయాలి. పొడిబారిన చర్మం మీద లేత పరిమళం నిలవదు; ఈ ఒక్క పని చేస్తే కొలోన్ కూడా మరికొంత సేపు ఉంటుంది.

అయిదు నిమిషాలు ఆగి, సీసాను జానెడు దూరంలో పట్టుకుని కొట్టుకోవాలి. దగ్గరగా పెడితే ఒకేచోట తడిసి మరక పడుతుంది, మరీ దూరమైతే గాలిపాలవుతుంది. కొలోన్ అయితే నాలుగయిదు సార్లు, తువాలెట్ అయితే రెండు మూడు, అత్తరు అయితే ఒక్క తాకిడి. ఛాతీ మీద చొక్కా లోపల ఒకసారి, మెడ వెనుక ఒకసారి, మోచేతి మడతల్లో ఒకసారి చాలు. రెండు మణికట్లనూ ఒకదానితో ఒకటి రుద్దే అలవాటు మానాలి, ఎందుకంటే రాపిడి వేడికి పై వాసన త్వరగా ఎగిరిపోతుంది, లేత పరిమళాల్లో ఉన్న అందమంతా ఆ పై వాసనలోనే ఉంటుంది.

నూలు బట్ట పరిమళాన్ని చర్మం కంటే ఎక్కువసేపు పట్టి ఉంచుతుంది. నూలు చీర కట్టేవారు కుచ్చిళ్ల లోపలి అంచు మీద ఒకసారి కొట్టుకుంటే నడిచినప్పుడల్లా వాసన కింది నుంచి లేస్తుంది. పట్టుచీర మీద, జరీ మీద మాత్రం చుక్క పడనివ్వకండి: పట్టు మరకలు పడుతుంది, జరీ నల్లబడుతుంది. ముత్యాల దండకు కూడా ఆల్కహాలు పడదు. సెంటు ఆరిన తర్వాతే ముత్యాలు వేసుకోవాలి, ఇంటికి రాగానే ముందు వాటినే తీయాలి.

తలలో మల్లెపూలు పెట్టుకున్న రోజున వేరే పూల సెంటు వద్దు. రెండు పూల వాసనలు పోట్లాడుకుంటాయి. అంతగా కావాలంటే నిమ్మజాతి కొలోన్ గాని వట్టివేళ్ల అత్తరు గాని మల్లెతో కలిసిపోతాయి. కనకాంబరాలకు వాసన లేదు కాబట్టి ఆ రోజు ఏదైనా మీ ఇష్టం.

నిమ్మజాతి పరిమళాలతో ఒక జాగ్రత్త తప్పనిసరి. బెర్గమాట్, నిమ్మ తొక్కల నుంచి పిండిన తైలాల్లోని కొన్ని పదార్థాలు ఎండ తగిలినప్పుడు చర్మాన్ని కాల్చి, నెలల తరబడి పోని గోధుమరంగు చారలు మిగులుస్తాయి. పేరున్న సంస్థలు ఆ పదార్థాన్ని తీసేసిన తైలాన్ని వాడతాయి గాని, ఎండలో తిరిగే రోజున కొలోన్‌ను బట్ట కప్పే చోటనే పూసుకోవడం మంచిది. ఇంట్లో నిమ్మరసంతోనో నిమ్మనూనెతోనో సొంతంగా సెంటు చేసుకునే ప్రయోగాలు అందుకే వద్దంటాను. చిక్కటి సెంటులో నీళ్లు పోసి పలచన చేయాలని చూడటమూ వృథా, నూనె విడిపోయి సీసా అంతా పాలలా తెల్లబడుతుంది. కొత్త పరిమళాన్ని ఏదైనా మోచేతి మడతలో కొద్దిగా పూసి ఒక రోజు చూసి, దురద, ఎరుపు రాకపోతేనే వాడండి. ఆల్కహాలు మండుతుంది కనుక పూజగదిలో దీపం దగ్గరా, స్టవ్ దగ్గరా స్ప్రే కొట్టుకోకూడదు.

మధ్యాహ్నం మళ్లీ ఎప్పుడు

లేత పరిమళం రెండు మూడు గంటల్లో తగ్గిపోతుంది. అది దాని లోపం కాదు, స్వభావం. అయితే తగ్గిందా, లేక మన ముక్కుకు అలవాటైందా అన్నది తేల్చుకోవాలి. ఒకే వాసన ఎడతెగకుండా తగులుతుంటే కాసేపటికే మెదడు దాన్ని పట్టించుకోవడం మానేస్తుంది, మన ఇంటి వాసన మనకు తెలియకపోవడానికీ, ఊరికి వెళ్లి వచ్చిన రోజున గుమ్మంలోనే తెలియడానికీ కారణం ఇదే. పైగా కొందరి ముక్కుకు కొన్ని రకాల కస్తూరి వాసనలు పుట్టుకతోనే అందవు. అందువల్ల ఇంట్లో ఒకరిని, చనువున్న సహోద్యోగిని, చేయి చాచినంత దూరంలో నిలబెట్టి అడగండి. ఆ దూరంలో సన్నగా తెలిస్తే సరిపోయినట్టు, గదిలోకి రాగానే తెలిస్తే ఎక్కువైనట్టు, పక్కన కూర్చున్నా తెలియకపోతే మళ్లీ పూసుకోవచ్చు.

మళ్లీ పూసుకోవడానికి భోజనం తర్వాతి వేళ అనువైనది. ముందు మెడ, మోచేతులు తడి రుమాలుతో తుడుచుకుని, ఆరనిచ్చి, 5 లేదా 10 మిల్లీలీటర్ల చిన్న సీసాతో ఒకటి రెండు సార్లు చాలు. చెమట మీద నేరుగా కొట్టుకోవద్దు. లిఫ్టులో, బస్సులో, ఏసీ గదిలో ఆ పని చేయకుండా వరండాలోకి వెళ్లాలి. ఉబ్బసం, మైగ్రేన్ ఉన్నవారికి లేత వాసన కూడా బాధ కలిగించవచ్చు కాబట్టి ఆసుపత్రికి వెళ్లే రోజు, పరీక్ష హాలులో కూర్చునే రోజు, చంటిబిడ్డను చూడటానికి వెళ్లే రోజు పూర్తిగా మానేయడం మర్యాద.

సీసాలకు వెలుతురు, వేడి పడవు. స్నానాలగదిలో అద్దం ముందు, ఎండలో నిలిపిన కారులో ఉంచితే నిమ్మజాతి పరిమళాలే అన్నింటికన్నా ముందు పాడై, పుల్లగా, వార్నిష్ వాసనకు తిరుగుతాయి. గాలి తగిలి మారిన ఆ తైలాలు చర్మానికి దురద కూడా తెప్పించగలవు. వాటిని అట్టపెట్టెలోనే ఉంచి బీరువా కింది అరలో పెట్టుకోండి. పెద్ద సీసా కంటే 30 మిల్లీలీటర్లదో 50దో కొని, ఏడాది రెండేళ్లలో వాడేయడం నయం. అత్తరు సీసా అయిపోయాక పారేయకుండా మూత తీసి, గుడ్డలో చుట్టి, దుప్పట్ల మధ్య పడుకోబెడితే అడుగున మిగిలిన చెమ్మ ఇంకొన్ని వారాలు పని చేస్తుంది.